దొరటోపీ చేతికొస్తే ముందు తోలు పట్టీ వెనక చూడండి: పాత ఫెల్ట్ టోపీలు పోగేయడం, వాటి వయసు కట్టడం

ఆదోనిలో ఒక పాతసామాన్ల అంగడాయన బూడిదరంగు దొరటోపీ ఒకటి బయటికి తీసి, లోపలి తోలు మీద బంగారు రంగులో అచ్చేసిన అంకెల మీద వేలు పెట్టి, "అన్నా, సూడు, 1857 అని రాసుండాది, సిపాయిల తిరుగుబాటు నాటి టోపీ ఇది, నాలుగు వేలకు ఒక్క రూపాయి తక్కువైనా ఇయ్యను" అన్నాడు. నేను టోపీలు పోగేయడం మొదలుపెట్టి అప్పటికి ఆర్నెల్లు కూడా కాలేదు. నమ్మి తెచ్చుకున్నా. రాత్రి ఇంట్లో లైటు కింద నుదుటికి తగిలే ఆ లోపలి తోలు పట్టీని మెల్లగా వెనక్కి మడిచి చూస్తే లోపల అతికించిన అంగడి చీటీ కనపడింది, బెంగళూరు అని, పక్కనే 560 001 అని. మన దేశంలో పిన్‌కోడు మొదలైంది 1972 ఆగస్టు 15న. అంటే ఆ టోపీ అమ్ముడుపోయింది ఆ తర్వాతే. మరి 1857? ఇటలీలో అలెస్సాండ్రియా అనే ఊళ్లో బోర్సాలినో కంపెనీ పెట్టిన ఏడాది అది. ఎప్పుడు చేసిన టోపీ మీదైనా వాళ్లు ఆ అంకె వేసుకోవచ్చు.

ఇది తెలిసుంటే నా నాలుగు వేలు మిగిలేవి, కాబట్టి మొదట ఇదే చెప్తున్నా. టోపీలో పెద్ద అక్షరాలతో ఉండే ఏడాది దాదాపు ఎప్పుడూ కంపెనీ పుట్టిన ఏడాదే. లండన్ లాక్ కంపెనీది 1676, క్రిస్టీస్‌ది 1773, అమెరికా స్టెట్సన్‌ది 1865, ఇంగ్లండు డన్ కంపెనీది 1887. బోర్సాలినో టోపీల్లో పారిస్ 1900 అని కూడా కనపడుతుంది, అది ఆ ఏడాది పారిస్ ప్రదర్శనలో వాళ్లకొచ్చిన బహుమతి సంగతి. ఇవన్నీ "ఇంతకంటే పాతది కాదు" అని మాత్రమే చెప్తాయి. అసలు వయసు చెప్పేవి చిన్నచిన్న చీటీలు, కుట్లు, ధర రాసిన కాగితం ముక్కలు, పెన్సిలు రాతలు. అవన్నీ తోలు పట్టీ వెనక దాక్కుని ఉంటాయి.

మన సీమలో దొరటోపీలు ఎక్కడ దొరుకుతాయి అని చాలామంది అడుగుతారు. నాకు ఎక్కువ దొరికింది గుంతకల్లులో. రైల్వే జంక్షన్ కావడంతో అక్కడ ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు బాగా ఉండేవి, డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్‌లు. స్వాతంత్ర్యం వచ్చాక చాలా కుటుంబాలు ఇంగ్లండుకో ఆస్ట్రేలియాకో వెళ్లిపోయినప్పుడు మోయలేని సామానంతా ఇక్కడే అమ్మేసి పోయారు. ఆ పెట్టెలు చేతులు మారి మారి ఇప్పటికీ గుజిరీ (పాతసామాన్ల) అంగళ్లకు వస్తుంటాయి. రెండోది నాటక సమాజాల పెట్టెలు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో సురభి నాటకాలు మొదలైనప్పటినుంచి మన సీమలో నాటకాల పిచ్చి తగ్గింది లేదు, దొర వేషానికి, పోలీసు వేషానికి ఒక టోపీ పెట్టెలో ఉండాల్సిందే. వాటిలో సగం అట్టతో చేసినవి, కానీ మధ్యలో ఒక్కోటి నిజమైన ఫెల్టు ఉంటుంది, రంగుపొడి, మీసాలు గడ్డాలు అంటించే స్పిరిట్ గమ్ మరకలతో. మూడోది పాత స్కూళ్ల అల్మారాలు. చుట్టూ అప్పడంలా చదునైన బ్రిమ్ (టోపీ అంచు) ఉండే స్కౌటు టోపీలు అక్కడ పడుంటాయి. వాటికి బ్యాడ్జీ ఉంటే మీ అదృష్టం, ఎందుకంటే భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అనే పేరు వచ్చింది 1950 నవంబరు 7న. బ్యాడ్జీ మీద ఆ పేరుంటే టోపీ ఆ తర్వాత వాడినదన్నమాట, బాయ్ స్కౌట్స్ అసోసియేషన్ అని ఉంటే అంతకు ముందుది.

ఒక మాట, మన దగ్గర "దొరటోపీ" అని చూపించేవాటిలో ఎక్కువభాగం ఫెల్టు కావు, బెండు టోపీలు. జీలుగుబెండు ముక్కలు అతికించి పైన ఖాకీ గుడ్డో తెల్లగుడ్డో కప్పినవి. గోటితో మెల్లగా కొట్టి చూస్తే బోలుగా శబ్దం వస్తుంది. అవి పోగేసేవాళ్లు వేరే ఉన్నారు, అది మంచి సరదానే, కానీ నేను చెప్పే పద్ధతులన్నీ వాటికి పనిచేయవు.

ఫెల్టు అంటే ఏమిటో చేతికి తెలియాలి. మన కురుబలు నేసే నల్ల కంబళి ఒకసారి పట్టుకోండి. దానిలో పడుగు, పేక ఉంటాయి, వెలుతురుకు పెడితే నేత కనపడుతుంది. ఫెల్టులో నేత లేదు. ఉన్నినో బొచ్చునో వేడినీళ్లు, ఆవిరి, ఒత్తిడితో రుద్దీ రుద్దీ ఒకదాంట్లో ఒకటి చిక్కుకునేట్టు చేస్తారు, వెంట్రుక మీద సన్నటి పొలుసులు ఉంటాయి కాబట్టి ఒకసారి చిక్కుకుంటే మళ్లీ విడిపోవు. దీనిలో రెండు రకాలు. గొర్రె ఉన్నితో చేసింది ఒకటి, కుందేలు, చెవులపిల్లి, బీవరు లాంటి జంతువుల లోబొచ్చుతో చేసింది ఇంకొకటి. రెండోదాన్ని ఫర్ ఫెల్ట్ అంటారు, విలువంతా దానికే. తేడా తెలుసుకోవాలంటే పైన చూడకండి, పైభాగం ఎండకు, చేతులకు అరిగిపోయి ఉంటుంది. తోలు పట్టీ మడిచి, దాని కింద ఎప్పుడూ గాలి తగలని ఫెల్టు మీద, సన్నటి గ్లవ్స్ వేసుకుని (ఎందుకో కింద చెప్తా), బొటనవేలు పెట్టి రుద్దండి. ఫర్ అయితే పలచగా, గట్టిగా, మెత్తటి పౌడరు రాసినట్టు జారుతుంది. ఉన్ని అయితే మందంగా, కాస్త గరుగ్గా, కంబళిని గుర్తు చేసేట్టు ఉంటుంది. ఇంకో గుర్తు, ఉన్నిది వానలో తడిస్తే ముడుచుకుని చిన్నదైపోతుంది, నొక్కు పడితే తొందరగా సర్దుకోదు. ఫర్ అయితే నొక్కి వదిలితే మళ్లీ లేస్తుంది.

ఇక్కడే ఒక ముఖ్యమైన జాగ్రత్త. పాతరోజుల్లో బొచ్చు బాగా చిక్కుకోవడానికి దాన్ని పాదరసం కలిపిన నైట్రేట్ ద్రావణంతో తడిపేవాళ్లు. ఆ ఆవిరి పీల్చి టోపీలు చేసే పనివాళ్లకు చేతులు వణికే జబ్బు వచ్చేది, మతి చలించేది. అమెరికాలో ఈ పద్ధతిని 1941 డిసెంబరులో ఆపించారు. కానీ అంతకు ముందు చేసిన ఫర్ టోపీల్లో పాదరసం ఇప్పటికీ మిగిలి ఉంటుంది. కాబట్టి పాత ఫర్ టోపీ పట్టుకునేటప్పుడు చేతికి గ్లవ్స్ వేసుకోండి, దుమ్ము దులిపేటప్పుడు మాస్కు పెట్టుకుని ఆరుబయట దులపండి, మూసిన గదిలో ఆవిరి పట్టొద్దు, పిల్లల తల మీద సరదాకైనా పెట్టొద్దు. నేను మా మేనల్లుడికి పెట్టి ఫోటో తీశా ఒకసారి, ఆ సంగతి తర్వాత తెలిసి రెండు రోజులు టెన్షన్ పడ్డా.

వయసు కట్టే పనికి పెద్ద సామాను అక్కర్లేదు. పదింతలు పెద్దగా చూపించే చిన్న లెన్సు, టైలరు టేపు, మెత్తటి బ్రష్షు, దొంగనోట్లు చూడ్డానికి వాడే నీలిరంగు యూవీ టార్చి, ఫోను. టోపీ చేతికొచ్చిన వెంటనే తుడవకండి, కడగకండి, ఎండలో పెట్టకండి. ముందు అన్ని వైపులా ఫోటోలు తీయండి, తర్వాత తోలు పట్టీ మడిచి లోపల ఫోటోలు తీయండి. నాకు దొరికిన మూడో టోపీ, ధర్మవరం వైపు నుంచి వచ్చిన మంచి గోధుమరంగుది, చెమట వాసన వస్తోందని తడిగుడ్డ పెట్టి లోపలంతా తుడిచేశా. పట్టీ వెనక ఉన్న కాగితం చీటీ ముద్దయి వేలికి అంటుకుని వచ్చింది. దాని మీద ఏం రాసుందో ఇక ఎప్పటికీ తెలీదు. ఆ టోపీ ఇప్పటికీ ఉంది నా దగ్గర, బాగుంటుంది చూడ్డానికి, కానీ దాని వయసు చెప్పలేను.

తోలు పట్టీ మడిచే పద్ధతి చెప్తా, చాలామంది ఇక్కడే చించేస్తారు. మన అనంతపురం ఎండలకు ఆ తోలు అప్పడంలా ఎండిపోయి ఉంటుంది, గబుక్కున తిప్పితే ఫట్‌మని పగులుతుంది. వెనకవైపు, అంటే పట్టీ రెండు కొసలు కలిసి కుట్టు పడేచోట మొదలుపెట్టండి. వేలి కొసతో కొంచెం కొంచెంగా ఎత్తండి, నిలబడనంటే వదిలేసి ఫోను కెమెరాను సందులో పెట్టి ఫోటో తీయండి, చిన్న దంతవైద్యుల అద్దం ఉంటే ఇంకా సులువు. తోలు గోధుమరంగు పొడిలా రాలుతుంటే అసలు ముట్టుకోవద్దు. అది తోలు లోపలినుంచే కుళ్లిపోవడం, దానికి మందు లేదు.

లోపల ఏం చూడాలి? మొదట సైజు చీటీ. 7, 6 7/8 లాంటి భిన్నాలు ఉంటే ఇంగ్లండు లేక అమెరికా పద్ధతి, 56, 57 ఉంటే యూరప్ పద్ధతి, సెంటీమీటర్లలో తల చుట్టుకొలత. ఇంగ్లండు 7, అమెరికా 7 1/8, యూరప్ 57, మూడూ ఒకటే తలకు సరిపోతాయి. ఇది తెలిస్తే ఒక కిటుకు ఉంది: పట్టీని టేపుతో లోపలినుంచి కొలవండి, 57 సెంటీమీటర్లు వచ్చి చీటీ మీద 7 అని ఉంటే ఇంగ్లండు సరుకు, 7 1/8 అని ఉంటే అమెరికా సరుకు. టోపీ ముడుచుకుపోయి ఉంటే లెక్క తప్పుతుంది, అది గుర్తుపెట్టుకోండి. అమెరికా టోపీ అయితే కార్మిక సంఘం చీటీ కోసం వెతకండి. టోపీ కార్మికుల సంఘాలు 1934లో కలిసిపోయి యునైటెడ్ హ్యాటర్స్, క్యాప్ అండ్ మిల్లినరీ వర్కర్స్ అనే పెద్ద పేరు పెట్టుకున్నాయి. చీటీ మీద యునైటెడ్ హ్యాటర్స్ ఆఫ్ నార్త్ అమెరికా అని మాత్రమే ఉంటే సంఘాలు కలవక ముందుది, క్యాప్, మిల్లినరీ అనే మాటలు కూడా ఉంటే 1934 నుంచి ఇటువైపుది. అమెరికా అడ్రసులో ఊరి పేరు పక్కన ఒకటి రెండు అంకెలుంటే 1943కూ 1963కూ మధ్య, ఐదంకెల జిప్‌కోడు ఉంటే 1963 జులై తర్వాత.

కానీ మన ఊళ్లలో దొరికే టోపీలకు మన దేశం చీటీలే ఎక్కువ అక్కరకొస్తాయి, వీటి గురించి బయటిదేశాల వాళ్లు రాసిన సలహాల్లో ఎక్కడా ఉండదు, అందుకే కొంచెం వివరంగా చెప్తా. అంగడి పేరు తోలు మీద కానీ, అస్తరు మీద కానీ, చిన్న కాగితం మీద కానీ ఉంటుంది. మద్రాసు-2 అని ఒకటి రెండు అంకెలే ఉంటే పిన్‌కోడు రాకముందుది, ఆరంకెలుంటే 1972 తర్వాతిది. బెంగళూరు, మైసూరు స్టేట్ అని ఉంటే 1973 నవంబరుకు ముందు, ఎందుకంటే అప్పుడే ఆ రాష్ట్రానికి కర్ణాటక అని పేరు మార్చారు. బళ్లారి అంగడి చీటీ మీద మద్రాస్ అని ఉంటే 1953 అక్టోబరు 1కి ముందు, ఆ రోజే బళ్లారి మైసూరులోకి వెళ్లింది, అదే రోజు మనం ఆంధ్ర రాష్ట్రంగా విడిపోయాం. నేను ఎప్పటినుంచో వెతుకుతున్నది ఒకటుంది, కర్నూలు, ఆంధ్ర స్టేట్ అని అచ్చైన చీటీ. కర్నూలు రాజధానిగా ఉన్నది 1953 అక్టోబరు నుంచి 1956 నవంబరు దాకానే, ఆ మూడేళ్లలో ఏ అంగడివాడైనా అలా అచ్చేయించి ఉంటే టోపీ అమ్మిన కాలం కళ్లు మూసుకుని చెప్పొచ్చు. దొరికితే నాకు అమ్మకపోయినా పర్వాలేదు, ఒక్కసారి చూపించండి చాలు.

ధర చీటీ ఇంకా గట్టి సాక్ష్యం. 18-12-0 లాగా మూడు గళ్లలో ధర రాసి ఉంటే అది రూపాయలు, అణాలు, పైలు (అణాలో పన్నెండో వంతు), అంటే 1957 ఏప్రిల్ 1కి ముందు, ఆ రోజునుంచే రూపాయికి వంద నయా పైసల లెక్క మొదలైంది. 22.50 అని చుక్కతో ఉంటే ఆ తర్వాత. పెద్దవాళ్లకు ఈ తేడా చూడగానే తెలిసిపోతుంది, మా నాయన నా చేతిలో చీటీ చూసి అద్దాలు కూడా పెట్టుకోకుండా "ఇది అణాల లెక్కరా" అన్నాడు.

ఇంగ్లండు కంపెనీల తోలు మీద రాజుగారికి సరఫరాదారులం అని చెప్పుకునే ముద్ర ఉంటుంది కొన్నిసార్లు. పాత టోపీలో "హిజ్ మెజెస్టీ" అని ఉంటే 1901కీ 1952కీ మధ్యకాలం అనుకోవచ్చు, "హర్ మెజెస్టీ" అని ఉంటే ఎక్కువసార్లు 1952కీ 2022కీ మధ్య, చాలా అరుదుగా విక్టోరియా రాణి కాలం. మేడ్ ఇన్ చెకోస్లొవేకియా అని ఉంటే 1918కీ 1992కీ మధ్య, వెస్ట్ జర్మనీ అని ఉంటే 1949కీ 1990కీ మధ్య. లోపల బాణం గుర్తు, పక్కన ఏడాది ఉంటే అది మిలటరీది, బర్మా యుద్ధంలో మన సిపాయిలు కూడా పెట్టుకున్న ఫెల్టు బుష్ హ్యాట్ కావచ్చు. ఆ ఒక్క రకంలో మాత్రం అచ్చేసిన ఏడాదిని నమ్మొచ్చు, అది కంపెనీ పుట్టిన ఏడాది కాదు, సరుకు తయారైన ఏడాది.

గుంతకల్లు వైపు దొరికేవాటిలో టోపీతోపాటు తోలు పెట్టె కూడా వస్తే దాని మీద రైలు చీటీలు చూడండి. ఎం అండ్ ఎస్ ఎం రైల్వే, అంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, 1908లో ఏర్పడి 1951 ఏప్రిల్ 14న సదరన్ రైల్వేలో కలిసిపోయింది. గుంతకల్లు డివిజను దక్షిణమధ్య రైల్వేకి వచ్చింది 1977 అక్టోబరు 2న. ఏ రైల్వే పేరు చీటీ మీద ఉందో చూస్తే పెట్టె ఏ కాలంలో ప్రయాణం చేసిందో తెలుస్తుంది. పెట్టె వయసు, టోపీ వయసు ఒకటే అని మాత్రం అనుకోకండి, తాత పెట్టెలో మనవడి టోపీ పెట్టుకునే ఇళ్లు మనవి.

బయటి ఆకారం చూసి వయసు చెప్పడం చివర్లో చేయాల్సిన పని, మొదట కాదు. స్థూలంగా అయితే 1930లు, 40లలో మగవాళ్ల ఫెల్టు టోపీలకు క్రౌన్ (తలను కప్పే పైభాగం) ఎత్తుగా, బ్రిమ్ రెండున్నర అంగుళాల చుట్టూ, రిబ్బన్ వెడల్పుగా ఉండేవి, 1960లకు వచ్చేసరికి క్రౌన్ కురచై బ్రిమ్ రెండు అంగుళాలకో అంతకంటే తక్కువకో సన్నబడింది, రిబ్బన్ కూడా సన్నబడింది. రిబ్బన్ పక్కన చిన్న గుండీ, దానికి సన్నటి దారం చుట్టి ఉంటే అది గాలికి టోపీ ఎగిరిపోకుండా కోటు గుండీకి తగిలించుకునే ఏర్పాటు, రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి టోపీల్లో ఎక్కువగా కనపడుతుంది. తోలు బదులు రెగ్జిన్ లాంటి పట్టీ ఉంటే చాలావరకు 1960ల తర్వాతిది. మన ఎండదేశానికి ప్రత్యేకంగా టెరాయ్ అనే రకం ఉండేది, వెడల్పాటి బ్రిమ్, కొన్నింటికి ఒకదాని మీద ఒకటి రెండు పొరల ఫెల్టు, వాటిని డబుల్ టెరాయ్ అంటారు. బ్రిమ్ అంచు పట్టుకుని రెండు వేళ్ల మధ్య రుద్దితే రెండు పొరలు ఒకదాని మీద ఒకటి జరుగుతున్నట్టు తెలుస్తుంది. దాన్ని ఎవరో అతుకేసిన టోపీ అనుకుని చవగ్గా ఇచ్చేస్తుంటారు, వదులుకోకండి. ఆకారాన్ని పూర్తిగా నమ్మకూడదని ఎందుకంటున్నానంటే పల్లెటూళ్లలో పాత ఫ్యాషను టోపీని ఇరవయ్యేళ్లు పెట్టుకునేవాళ్లు, కంపెనీలు కూడా పెద్దవాళ్ల కోసం పాత ఆకారాలే చేస్తూ వచ్చేవి, పైగా బ్రిమ్ అరిగితే టైలరు చుట్టూ కత్తిరించి సన్నం చేసేవాడు. కత్తిరించారేమో అనిపిస్తే అంచును లెన్సు కింద చూడండి, కత్తెర పడిన చోట పొట్టి వెంట్రుకలు నిటారుగా నిలబడి కనపడతాయి.

యూవీ టార్చి పరీక్ష చీకటి గదిలో చేయాలి. ఈ కాలం తెల్లకాగితాల్లో, తెల్లదారాల్లో, బట్టల సబ్బుల్లో వేసే తెలుపు మందు 1950 ప్రాంతం నుంచే బాగా వాడకంలోకి వచ్చింది. టార్చి వేస్తే అది నీలంగా మెరుస్తుంది. సైజు చీటీ కానీ కుట్టుదారం కానీ అలా మెరిస్తే ఆ భాగం 1950కి ఇటువైపుది. మెరవకపోతే పాతదని రుజువు కాదు, పాతదయ్యే అవకాశం ఉందని మాత్రమే. అస్తరును ఎవరైనా సర్ఫుతో ఉతికి ఉంటే పాతదైనా మెరుస్తుంది, అందుకని ఎప్పుడూ ఉతకలేని కాగితం చీటీనీ, పట్టీ లోపలి కుట్టునూ చూడాలి.

ఇవన్నీ కలిపి ఎలా లెక్క కట్టాలో నా దగ్గరున్న ఒక టోపీతో చూపిస్తా. గుంతకల్లు గుజిరీలో తోలు పెట్టెతో సహా పన్నెండొందలకు తెచ్చిన ముదురు గోధుమరంగుది. బయట దుమ్ము, వెనకవైపు పురుగు కొట్టిన రెండు సన్న బెజ్జాలు. పెట్టె మీద ఎం అండ్ ఎస్ ఎం రైల్వే చీటీ, సగం చిరిగింది. తోలు పట్టీ మడిస్తే 6 7/8 అని సైజు, టేపు పెడితే 56, కాబట్టి ఇంగ్లండు సరుకు. తోలు మీద మేడ్ ఇన్ ఇంగ్లండ్, కింద మద్రాసు మౌంట్ రోడ్డు అంగడి పేరు, అంకె ఏదీ లేదు. పట్టీ వెనక కుడివైపు గోరంత కాగితం, ఊదారంగు సిరాతో 18-12-0. యూవీకి కాగితం మెరవలేదు, దారం మెరవలేదు. రిబ్బన్ పక్కన గుండీ, దారం రెండూ ఉన్నాయి, బ్రిమ్ రెండున్నర అంగుళాలు, కత్తెర పడిన గుర్తు లేదు. ధర చీటీ ఒక్కటే 1957కి ముందు అని తేల్చేసింది. రైలు చీటీ పెట్టెను 1908 నుంచి 1951 మధ్యలో పెట్టింది. గుండీ, బ్రిమ్, ఎత్తు కలిపి చూస్తే 1930లు లేదా 40ల మొదలు. నేను నోటుపుస్తకంలో రాసుకున్నది ఇలా: "1957కి ముందు, ఇది ఖాయం. 1930-45, ఇది నా అంచనా." ఖాయమైనదీ అంచనా వేసినదీ ఎప్పుడూ విడివిడిగా రాయండి, రేపు ఇంకెవరైనా ఇంకో ఆధారం పట్టుకొస్తే ఏది మార్చాలో తెలుస్తుంది.

ఆ టోపీ అస్తరు మధ్యలో తలనూనె మరక ఒకటుంది, రూపాయిబిళ్ల కంటే కొంచెం పెద్దది, ముందువైపుకు జరిగి ఉంది. ఎవరో ఆయన ఏళ్ల తరబడి టోపీని కొద్దిగా వెనక్కి వంచి పెట్టుకునేవాడని ఆ మరక చెప్తోంది. దాన్ని నేను తుడవలేదు, తుడవను కూడా.

బాగుచేయడం విషయానికొస్తే తక్కువ చేయడమే మంచిది. ముదురురంగు టోపీకి ఒక బ్రష్షు, లేతరంగుకు వేరే బ్రష్షు పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిక్కుకు ఎదురుగా మెల్లగా దువ్వండి. తోలు పట్టీకి కొబ్బరినూనె రాయొద్దు, ఇది మన దగ్గర అందరూ చేసే పని, నూనె తోలులోంచి ఫెల్టులోకి, అక్కణ్నుంచి రిబ్బన్‌లోకి పాకి బయట నల్లటి పట్టీలా కనపడుతుంది, అది ఇక పోదు. క్రౌన్ ముందుభాగాన్ని రెండు వేళ్లతో నొక్కి ఎత్తే అలవాటు మానండి, పగుళ్లు మొదలయ్యేది అక్కడే. బ్రిమ్ ముందూ వెనకా రెండు చేతులతో పట్టుకోండి.

పురుగు సంగతి సీరియస్‌గా తీసుకోవాలి, ఒక్క టోపీకి ఉంటే అల్మారా మొత్తం పోతుంది. కొత్తగా తెచ్చినదాన్ని నేరుగా మిగతావాటి పక్కన పెట్టకండి. ప్లాస్టిక్ కవరులో పెట్టి, గాలి పిండేసి, మూతి గట్టిగా కట్టి ఫ్రిజ్ పైఅరలో, ఐసు గడ్డకట్టే దాంట్లో, రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పొద్దు, చెమ్మ కవరు బయటే పడుతుంది, టోపీకి తగలదు. తోలు బాగా పెళుసెక్కి ఉంటే ఈ పని చేయకుండా, రెండు నెలలు విడిగా పెట్టి వారానికోసారి చూడటం మేలు. వేపాకు వేస్తే చాలని చెప్తారు, నేనూ వేస్తా, కానీ ఉన్న గుడ్లను అది చంపదు.

దాచేటప్పుడు బ్రిమ్ మీద నిలబెట్టొద్దు, అంచు చదునైపోతుంది. వెల్లకిలా, క్రౌన్ కిందకు వచ్చేట్టు పెట్టాలి, లోపల పాత తెల్ల నూలుగుడ్డ ఉండచుట్టి పెట్టండి. న్యూస్‌పేపరు వద్దు, సిరా అంటుకుంటుంది. రేకుల ఇల్లైతే అల్మారా పైన అసలు పెట్టకండి, ఏప్రిల్, మే నెలల్లో ఆ వేడికి ఫెల్టు ముడుచుకుని రెండు సైజులు తగ్గిన టోపీని నేను కడపలో చూశా. కింది అర, గోడకు ఆనకుండా, అట్టపెట్టెలో. వానలు తక్కువ కాబట్టి మనకు బూజు బాధ పెద్దగా లేదు, అది సముద్రం పక్కన ఉండేవాళ్ల గోడు.

చివరిగా చీటీ సంగతి. టోపీ ఎక్కడ కొన్నారు, ఏ తేదీన, అమ్మినాయన దాని గురించి ఏం చెప్పాడు, అది ఏ ఊరి ఏ ఇంటినుంచి వచ్చిందన్నాడు, లోపల మీకేం కనపడింది, ఇవన్నీ ఒక కాగితం మీద పెన్సిలుతో రాసి పెట్టెలో వేయండి, టోపీకి అతికించొద్దు, గుండుసూదితో గుచ్చొద్దు. అమ్మేవాళ్ల ఇంట్లో ముసలివాళ్లుంటే పది నిమిషాలు కూర్చుని అడగండి, "అవ్వా, ఇది ఎవరు పెట్టుకునేవాళ్లు?" అని. గుత్తిలో ఒక అవ్వ చెప్పింది, ఆమె మామ రైల్వేలో దొర దగ్గర పనిచేశాడట, దొర వెళ్లిపోతూ ఇచ్చిన టోపీని ఆయన ఒక్కసారి కూడా తలకు పెట్టుకోలేదట, ఏటా సంక్రాంతికి బయటికి తీసి దులిపి మళ్లీ పెట్టెలో పెట్టేవాడట. ఆ ముక్క తోలు పట్టీ వెనక ఏ చీటీ మీదా ఉండదు. నేనది ఆమె చెప్పిన మాటల్లోనే రాసి, ఆ రోజు తేదీ వేసి, టోపీ పెట్టెలో పెట్టాను.